నలుపు కాస్త తగ్గించు

డాబా ఇల్లు,
నవంబరు 4

అల్లుడికి,

క్షేమంగా ఉన్నావని తలుస్తాను. నా చెవుల సంగతి నీకు తెలిసిందే. మొన్న ఫోన్లో నువ్వు పావుగంట మాట్లాడావు. నాకు అందింది రెండు "ఊఁ"లు, మధ్యలో ఒక దగ్గు. చెవిలో మిషను పెట్టుకుంటే అది ఈల వేస్తుంది. కాబట్టి మనిద్దరికీ ఇక ఉత్తరాలే గతి.

దీంతోపాటు ఒక మెమరీ కార్డు పంపుతున్నాను. అందులో కృత్తికల ఫొటోలు తొంభై ఉన్నాయి. తొంభై అంటే తొంభై రకాలనుకునేవు. ఒకటే బొమ్మ, నిమిషానికొకటి చొప్పున తొంభైసార్లు తీసింది. వాటిని కంప్యూటర్లో ఒకదాని మీద ఒకటి పేర్చి ఒక్క ఫొటో చెయ్యాలి. స్టూడియో నడిపినన్నాళ్లూ, నలభై ఏళ్లు, చీకటిగదిలో జనం మొహాలు కడిగినవాణ్ణి. ఈ పని నాకు చేతకాక కాదు. కుడిచేతి వణుకు ముదిరింది. మౌసుకి ఎలుకని పేరు ఎందుకు పెట్టారో ఇప్పుడు తెలుస్తోంది, చేతిలో ఒక్కచోట నిలవదు.

ఏ ప్రోగ్రాము ఎక్కించుకోవాలో వెనకవైపు రాశాను. లిఫ్టులు బాగుచేసే చేతికి ఇదేం బ్రహ్మవిద్య కాదు. ఆదివారాలు ఆ ఇంట్లో ఒక్కడివే కూర్చుని ఏం చేస్తుంటావో ఊహించగలను, అందుకే పంపుతున్నాను.

అమ్మాయి బాగానే ఉంది. తింటోంది, పడుకుంటోంది. పాప పోయి మూడు నెలలు. అమ్మాయి ఇక్కడికొచ్చి కూడా మూడు నెలలు కావస్తోంది. పురిట్లో బిడ్డను పోగొట్టుకున్న పిల్ల తండ్రి ఇంటికొస్తే ఎందుకొచ్చావని ఎవరడుగుతారు? నేనూ అడగలేదు. కానీ ఇన్నాళ్లలో అది నీ ఊసు ఎత్తలేదు, నువ్వు గుమ్మం తొక్కలేదు. ఏం జరిగిందో చెప్పాలనిపించినప్పుడు చెప్పు. ముందు చుక్కల పని చూడు.

మీ మామయ్య


మూడో అంతస్తు,
నవంబరు 20

మామయ్యగారికి నమస్కారాలు.

కార్డు అందింది. మీరు చెప్పినట్టే చేశాను. కంప్యూటరు నాలుగు గంటలు గుడగుడలాడి చివరికి ఒక నల్లటి పలక చేతిలో పెట్టింది. తొంభై ఫొటోలు పేరిస్తే వచ్చేది ఇదా అని నీరుగారిపోయాను. తర్వాత మీ కాగితం మళ్లీ చదివితే, వెలుతురు అందులోనే అడుగున దాగి ఉంటుంది, సాగదీసి పైకి తేవాలి అని ఉంది. సాగదీశాను. ఫొటో అంతా వీధిదీపం రంగుకి తిరిగింది. ఇంకొంచెం లాగాను. ఎర్రవి, పచ్చవి, నీలివి, రంగుపొడి చల్లినట్టు మచ్చలే మచ్చలు. భయమేసి నలుపు మీట చివరిదాకా తోసేశాను. అప్పుడు శుభ్రంగా వచ్చింది. ప్రింటు వేయించి పంపుతున్నాను, తిట్టకండి.

పనిరోజుల్లో తెరిపి ఉండదు. ఆదివారాలు మాత్రం మీరన్నట్టే ఉన్నాయి. పక్కగదికి తాళం వేసి ఉంచాను. కంప్యూటరు వంటింటి బల్ల మీద పెట్టుకున్నాను.

తను ఎలా ఉంది? మందులు వాడుతోందా? నేను అడిగానని చెప్పకపోయినా ఫరవాలేదు.

మీ అల్లుడు


డాబా ఇల్లు,
డిసెంబరు 2

అల్లుడికి,

నీ ఫొటో చూశాను. నల్లగుడ్డ మీద ఆరు చొక్కా గుండీలు. దర్జీవాడికి చూపిస్తే మెచ్చుకుంటాడు.

సరే, మొదటిసారికి అందరూ చేసే తప్పే చేశావు. కార్డులో "మూత" అని ఒక ఫోల్డరు ఉంది, చూశావా? కెమెరాకి మూతపెట్టి తీసిన ఇరవై ఫొటోలు అవి. చెత్త అనుకుని వదిలేసి ఉంటావు. చీకట్లో కూడా కెమెరా తనంతట తాను కొన్ని చుక్కలు పుట్టిస్తుంది, లేనివి చూపిస్తుంది. ఆ ఇరవైలో ఉన్నవన్నీ కెమెరా సొంత గొడవలు. వాటిని తొంభైలోంచి తీసేయమని ప్రోగ్రాముకి చెప్పాలి. అప్పుడు నీ రంగుపొడి సగం పోతుంది. మిగతా సగం ఓపిగ్గా పేర్చడం వల్ల పోతుంది. గాలికి కదిలిన ఫొటోలు, విమానం అడ్డొచ్చినవి ఏరి అవతల పడెయ్యి.

ఇక అసలు సంగతి. మచ్చలు కనపడకూడదని నలుపు పెంచేశావు. కృత్తికల చుట్టూ నీలంగా సన్నటి పొగ ఉంటుంది, తడిగుడ్డ ఆరేసినట్టు. మచ్చలతోపాటు అదీ పోయింది. ఫొటోలో అందంగా లేనిదంతా తప్పు కాదయ్యా. ఆకాశం నల్లగా ఉండదు, బొగ్గు కలిపిన నీళ్లలా ఉంటుంది. నలుపు కాస్త తగ్గించు. మీట ఒక్కసారి తోసెయ్యకుండా, వేడి నీళ్లలో కాలు పెట్టినట్టు పెట్టు. చుక్కల నడిబొడ్డు తెల్లబారిందంటే ఆగిపో. తెల్లబారిన చోట రంగు ఇక చచ్చినా తిరిగిరాదు.

మందులు వాడుతోంది. నిన్న డాబా మెట్ల దగ్గర లైటు మాడిపోతే స్టూలెక్కి తనే మార్చింది. వద్దంటే, "నాన్నా, నీ చేతికిస్తే రెండు లైట్లు పోతాయి" అంది. వచ్చాక అదే మొదటిసారి వేళాకోళం ఆడటం.

మీ మామయ్య


మూడో అంతస్తు,
జనవరి 6

మామయ్యగారికి నమస్కారాలు.

వచ్చింది! నీలం వచ్చింది. ఐదు ఆదివారాలు పట్టింది. మూత ఫొటోలు తీసివేశాక, కదిలినవి పదకొండు ఏరేశాక, మీటని గోరుతో తోసినట్టు తోస్తూ పోతే పెద్ద చుక్క పక్కన ముందు ఏదో మసక కనపడింది. తెర మీద దుమ్మనుకుని చొక్కా కొసతో తుడిచాను. పోలేదు. అప్పుడు అర్థమైంది.

నా జోడీకి చూపించాను. మా పనిలో ఒకడు లిఫ్టు గోతిలోకి దిగితే ఇంకొకడు పైన మోటారు దగ్గర ఉండాలి కదా, పదేళ్లుగా నాకు పైనుండేవాడు అతనే. చూసి, "ఏంటి గురూ, ఫొటోకి బూజు పట్టిందా?" అన్నాడు. అది బూజు కాదు, కోటానుకోట్ల మైళ్ల అవతల ఉన్న ధూళి, చుక్కల వెలుగు పడి కనపడుతోంది అని చెప్పాను. కాసేపు చూసి, "అంటే మామూలుగా కనపడదన్నమాట. మరి లేదనుకుంటే పోయేది కదా, ఇంత కష్టమెందుకు?" అన్నాడు.

రెండో కార్డు కూడా అందింది. జంట నక్షత్ర గుచ్ఛాల ఫొటోలు చాలా బాగున్నాయి. మొదటి కార్డులో చుక్కలు కాస్త ఉబ్బి ఉండేవి, ఇందులో సూదిమొనలా ఉన్నాయి.

మామయ్యగారూ, ఒకటి అడుగుతాను. కార్డుతో పాటు టైముల పట్టిక పెట్టారు. అందులో ఏడు అంకెకి నడుమ అడ్డగీత ఉంది. మీరు ఏడు అలా రాయరు. వణికే చెయ్యి అంత తిన్నగా గళ్లు గియ్యలేదు కూడా. పన్నెండేళ్లుగా నక్షాల ఆఫీసులో గీతలు గీసే చెయ్యి ఒకటి నాకు తెలుసు.

ఫొటోలు తీస్తున్నది తనేనా?

మీ అల్లుడు


డాబా ఇల్లు,
జనవరి 15

అల్లుడికి,

దొరికిపోయాను. పట్టిక తిరగరాసి పంపుదామనుకుంటూనే బద్ధకించాను.

అవును, అమ్మాయే. టెలిస్కోపు బిగించడానికి కూడా నా చెయ్యి పనికిరావట్లేదు. మొదటి కార్డు మాత్రం సగం నేను, సగం అది. తర్వాత నన్ను కుర్చీలో కూర్చోబెట్టి మొత్తం తనే చూసుకుంటోంది. ముందు నా మీద జాలితో ఎక్కింది డాబా. ఇప్పుడు మబ్బు పడితే ముఖం మాడ్చుకుంటోంది.

ఇంకో సగం కూడా చెప్పేస్తాను, దాచి ఏం లాభం. కార్డులు నీకు వెళ్తున్నాయని దానికి తెలియదు. పాత స్టూడియో మిత్రుడికి పంపుతున్నానని అబద్ధమాడాను. నీ కృత్తికలు చూపించాను. చాలాసేపు చూసింది. "నీ స్నేహితుడికి ఓపిక బాగా ఉంది" అంది. ఈ వయసులో కూతురితో దొంగాట ఆడుతున్నాను.

ఎందుకాడుతున్నానంటే, మీరిద్దరూ ఒకటవుతారని ఆశ. కానీ మధ్యలో ఉన్న గోడ ఏమిటో తెలియకుండా ఎక్కడ కన్నం వెయ్యను? నిన్న ఉండబట్టలేక అడిగేశాను. "ఇంటికెళ్లేసరికి ఇల్లు ఖాళీగా ఉంది నాన్నా" అంది, అంతే. లేచి వెళ్లిపోయింది.

నువ్వు చెప్పు. ఆ మాటకి అర్థమేమిటి?

మీ మామయ్య


మూడో అంతస్తు,
జనవరి 28

మామయ్యగారికి,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టాను.

పాప పదకొండు రోజులు ఉంది. ఏడో నెలలో పుట్టింది కాబట్టి గాజుపెట్టెలో ఉంచారు. ఫోన్లు లోపలికి రానివ్వరు. కానీ మా పెళ్లికి మీరిచ్చిన కెమెరా చూసి, ఫ్లాష్ వెయ్యకపోతే ఫరవాలేదంది నర్సు. రోజుకి మూడు చొప్పున, చివరి రోజు నాలుగు. మొత్తం ముప్పై నాలుగు ఫొటోలు తీశాను.

తను ఇంకా జ్వరంతో ఆస్పత్రిలోనే ఉండగా పాప పోయింది. చేయవలసినవన్నీ నేనే చేశాను. తర్వాత ఇంటికొచ్చాను. పక్కగదిలో ఉయ్యాల, మడతపెట్టిన చిన్న చిన్న గుడ్డలు, తను పుట్టబోయే బిడ్డ కోసం గోడమీద గీసిన చేపల వరస. తనొచ్చి ఇవన్నీ చూస్తే గుండె ఆగిపోతుందనుకున్నాను. జోడీని పిలిచాను. ఇద్దరం కలిసి రెండు రోజుల్లో ఉయ్యాల, గుడ్డలు ఎవరికో ఇచ్చేశాం, గోడకి తెల్లరంగు కొట్టేశాం. చేపలు రెండు పూతలకీ కనపడుతూనే ఉంటే మూడో పూత వేశాం. మూడో రోజు సాయంత్రం కెమెరా తీసి "అన్నీ తుడిచెయ్యి" అనే దాని మీద నొక్కాను. నిజంగానా అని అది ఇంకోసారి అడిగింది. అవునన్నాను.

తను ఇంటికొచ్చింది. ఆ గది గుమ్మంలో నిలబడింది. అరవలేదు. "కెమెరా ఏది?" అంది. చూసి ఏడవడం ఎందుకని తీసేశానన్నాను. "ఎన్ని?" అంది. అన్నీ అన్నాను. ఆరో రోజు మీ దగ్గరికి వచ్చేసింది.

ఇంతవరకూ తనకీ తెలుసు. ఇక రాయబోయేది ఎవరికీ చెప్పలేదు. తన కోసమే తీసేశానని ఇన్నాళ్లూ నాకు నేనే చెప్పుకున్నాను. అది అబద్ధం. ఆ పదకొండు రోజుల్లో పాపని నేను సరిగ్గా చూడలేదు మామయ్యగారూ. లోపలికి వెళ్లిన ప్రతిసారీ కెమెరా కంటికి అడ్డం పెట్టుకుని వెళ్లేవాణ్ణి. తిన్నగా చూస్తే, పోయాక తట్టుకోలేనని భయం. నొక్కడం, బయటికి రావడం. తీసినవి కూడా తెరిచి చూడలేదు. ఇప్పుడు కళ్లు మూసుకుంటే గొట్టాలు కనపడతాయి, గాజు కనపడుతుంది, ముఖం రాదు.

మచ్చలకు భయపడి నలుపు పెంచేశావని మీరు రాసినప్పుడు, మీకంతా తెలిసే రాశారేమో అనుకున్నాను.

మీ అల్లుడు


డాబా ఇల్లు,
ఫిబ్రవరి 5

నీ ఉత్తరం అందింది.

నలభై ఏళ్లలో నా స్టూడియోకి ఎంతమంది వచ్చారో తెలుసా, చిరిగిన ఫొటోలు, తడిసిన ఫొటోలు పట్టుకుని? గుంపులో గోరంత కనపడే మొహాన్ని చూపించి, ఇదొక్కటే ఉంది, ఎలాగైనా పెద్దది చేసిపెట్టండి అని ఏడ్చినవాళ్లకి లెక్కలేదు. నీ చేతిలో ముప్పై నాలుగు ఉన్నాయి. తుడిచేశావు. నేనిచ్చిన కెమెరాతోనే.

ఆ బిడ్డ మొహం నీ ఒక్కడి సొత్తా? దాన్ని కన్నది ఒకతి ఉంది కదా, ఒక్క మాట అడగాలని తోచలేదా?

ఇక కార్డులు పంపను. నువ్వూ ఏమీ పంపకు.


మూడో అంతస్తు,
ఫిబ్రవరి 24

మామయ్యగారికి,

పంపవద్దన్నారు. ఈ ఒక్కటీ పంపక తప్పలేదు. తర్వాత మీ ఇష్టం.

తుడిచేసినవాటిని కూడా కార్డులోంచి వెనక్కి తీసేవాళ్లుంటారని విని ఒకతని దగ్గరికి వెళ్లాను. అతని దుకాణం ఒక బట్టలషాపు మేడమీద, మెట్ల కింద పెట్టుకునే చెప్పుల అలమరంత ఉంటుంది. కార్డు తిప్పి చూసి, "తర్వాత వాడారా సార్?" అన్నాడు. వాడాను. సెలవు అయ్యాక పనికెళ్లి ఆరువారాలు అదే కార్డు వాడాను. ఎక్కడ ఏ తీగ తెగిందో, ఏ కప్పీ అరిగిందో ఆఫీసుకి ఫొటోలు చూపించాలి కదా. "పాతవాటి మీద కొత్తవి కూర్చున్నాయి సార్, కిందవాటిని లేపలేం" అన్నాడు. పాప ఉన్నచోట మోటార్ల ఫొటోలు ఉన్నాయి.

అయినా పాపం, రెండు రోజులు ప్రయత్నించాడు. ఒకే ఒక్కటి వచ్చింది, అదీ పైన మూడో వంతు. గదికప్పుకి ఉన్న ట్యూబులైటు, గాజుపెట్టె అంచు, దాని మీద నర్సు చేతివేలు ఒకటి. ఆ కిందంతా బూడిదరంగు.

ఇంటికి తెచ్చుకుని, మీరు నేర్పినవన్నీ చేశాను. మెల్లగా సాగదీశాను. నలుపు తగ్గించాను. గుండ్రటి నీడలాంటిదేదో తేలినట్టయి, కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. కాదు. నేను చేసిన పనికి పుట్టిన చారలే అవి. కృత్తికల్లో పొగ మొదటినుంచీ ఉంది కాబట్టి వచ్చింది. ఇక్కడ ఏమీ లేదు. లేనిదాన్ని ఎంత లాగినా రాదు.

ఆ ముక్క ఇందులో పెడుతున్నాను. తనకి ఇవ్వాలో వద్దో మీరే చూడండి. ఈసారి నేను తేల్చను.

మీ అల్లుడు


డాబా ఇల్లు,
మార్చి 9

అల్లుడికి,

నీ మీద కోపం తగ్గిందని కాదు. కానీ నిన్ను తిట్టిన నోటితోనే నా సంగతీ చెప్పుకోవాలి.

పాప పుట్టిన ఐదో రోజున నేను ఆస్పత్రికి వచ్చాను, గుర్తుందా? నా భుజాన కెమెరా సంచీ ఉంది. పాపని చూశాను, చేయి కడుక్కుని లోపలికి వెళ్లి మరీ. సంచీ జిప్పు తియ్యలేదు. ఇన్ని గొట్టాలతో ఎందుకు, కాస్త ఒళ్లు చేశాక దర్జాగా తీద్దాంలే అనుకున్నాను. ఊళ్లో జనమందరికీ ఫొటోలు తీసినవాణ్ణి, నా మనవరాలికి ఒక్కటి తియ్యలేదు. నువ్వు తీసి పోగొట్టావు, నేను తియ్యకుండా పోగొట్టాను. నిన్ను తిట్టిన రోజునుంచీ ఇదే నమిలి నమిలి మింగలేకపోతున్నాను.

అమ్మాయికి అంతా చెప్పేశాను. కార్డులు ఎవరికి వెళ్లాయో, నువ్వేం రాశావో. నీ ఉత్తరాలు కూడా చేతికిచ్చాను. నీ అనుమతి లేకుండా ఇచ్చాను, క్షమించు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. చెవిటివాడితో మాట్లాడకపోవడం ఏం శిక్ష అనుకుంటావేమో, నాకు బాగానే తగిలింది. మూడోనాడు డాబా మీదికి వెళ్లి టెలిస్కోపు విప్పి, తుడిచి, పెట్టెలో సర్దేసింది.

నక్షాల ఆఫీసువాళ్లు ఇంకోచోట కొత్త శాఖ పెడుతున్నారు. అడిగి వేయించుకుందిట. వచ్చే వారమే ప్రయాణం. ఆ ముక్క ఫొటో తీసుకుంది. నీకు తనే రాస్తానంది. ఏం రాస్తుందో నాకు చెప్పలేదు. నేను ఆశపడిందేమిటో నీకు తెలుసు. ఆ ఆశ పెట్టుకోకు అని మాత్రం చెప్పగలను.

మీ మామయ్య


నక్షాల ఆఫీసు, కొత్త శాఖ,
మార్చి 27

ఏమని పిలిచి మొదలుపెట్టాలో తేలక ఇలాగే మొదలుపెడుతున్నాను.

నీ ఉత్తరాలు చదివాను. నేను తీసిన చుక్కలు నీ దగ్గరికి వెళ్లాయని తెలిసి ముందు ఒళ్లు మండిపోయింది. ఆ డాబా ఒక్కటే నాకు ఊపిరాడిన చోటు, అక్కడికీ వచ్చాడే అనిపించింది. తర్వాత కృత్తికల ఫొటో మళ్లీ చూశాను. అంత ఓపిక ఎవరిదా అని అప్పుడనుకున్నాను. ఆ ఓపిక ఆ మూడు రోజులు ఎక్కడికి పోయింది?

ఆ ముక్కలో ఉన్న వేలు నర్సుది కాదు, నాది. తొమ్మిదో రోజు. జ్వరం తగ్గినప్పుడల్లా తీసుకొచ్చినట్టే ఆ రోజూ చక్రాల కుర్చీలో తీసుకొచ్చి, గ్లవ్స్ తొడిగి పెట్టె పక్కన కూర్చోబెట్టారు. నువ్వు ఎదురుగా కెమెరా ఎత్తుకుని ఉన్నావు. నేను నీకేసి చూశాను, నువ్వు కెమెరా దించుతావేమోనని. దించలేదు.

నువ్వు పాపని చూడలేదని నాకు అప్పుడే తెలుసు. నువ్వు ఉత్తరంలో ఒప్పుకున్నది నాకు కొత్త సంగతేమీ కాదు. నేను వచ్చేసింది ఫొటోలు పోయాయని మాత్రమే అనుకుంటున్నావు. గోడకి రంగేసినా, ఉయ్యాల ఇచ్చేసినా, ఏడ్చి, తిట్టి, ఆ ఇంట్లోనే ఉండేదాన్ని. కానీ పాప గురించి మాట్లాడుకోవడానికి నాకు ఈ లోకంలో ఒక్క మనిషే ఉన్నాడు. "దానికి నిద్రలో నవ్వొచ్చేది కదా" అంటే "అవును" అనగల మనిషి. ఆ మనిషి చూడలేదు. పక్కపక్కన కూర్చున్నా నేనొక్కదాన్నే గుర్తుపెట్టుకోవాలి. ఆ బరువు నీ పక్కన ఉండి మొయ్యడం కంటే దూరంగా ఉండి మొయ్యడం తేలిక.

కాబట్టి రాను. ఎదురుచూడకు. ఇందులో కోపం లేదు. ఉంటే ఇంకా ఆశ ఉండేది.

కానీ నీకు ఒకటి ఇవ్వాలి. కళ్లు మూసుకుంటే ముఖం రావట్లేదని రాశావు. అందుకని రాస్తున్నాను. నాకు గీతలు గీయడం వచ్చు, మాటలు రావు. ఎలా వస్తే అలా చదువుకో.

నుదురు వెడల్పు. వెంట్రుకలు ఒత్తుగా లేవు గానీ నల్లగా ఉన్నాయి, నడినెత్తిన సుడి ఒకటి, ఎడమకి తిరిగి ఉంది. కనుబొమ్మలు ఇంకా రాలేదు, వచ్చేచోట చర్మం కాస్త ఎర్రగా ఉండేది. ముక్కు మా నాన్నది, కొస కొంచెం కిందికి. కింది పెదవి లోపలికి పీల్చుకుని ఉండేది, ఎవరో తిడితే బిక్కమొహం వేసినట్టు. ఆకలేస్తే మాత్రం నోరు ముఖమంత తెరిచేది, అందుకే నర్సు పిచ్చుక అని పిలిచేది. నేనూ అలాగే పిలిచాను. నీకు తెలుసా అది? ఆరో రోజు ఒక కన్ను తెరిచింది, కుడిది. బూడిదరంగు. నన్ను చూసిందో లేదో తెలియదు, నేనైతే చూసిందనే అనుకున్నాను. ఎడమ చేతివేళ్లు ఎప్పుడూ బొటనవేలిని లోపల దాచుకునేవి.

కుడిచెవి పైఅంచు లోపలికి మడతపడి ఉంది, పుస్తకంలో పేజీ మూల మడిచినట్టు. అచ్చం నీ చెవి. మొదటిరోజే నీకు చెప్పాలనుకున్నాను. నువ్వే చూస్తావులే, చూసి నాకు చెప్తావులే అని ఊరుకున్నాను.

నాన్న ఒక్కడే ఉన్నాడు. ఉత్తరాలు ఆపకు. పుష్యమి ఫొటోలు ఇంకా పేర్చనివి ఉన్నాయి, ఆయన పంపుతాడు. ఆయన్ని సతాయించి నేర్చుకో.


కొత్త బిల్డింగు, ఆరో అంతస్తు,
ఏప్రిల్ 4

నీ ఉత్తరం నిన్న పనిలోకి వెళ్తుంటే అందింది. ఇంటికెళ్లాక తెరుద్దామని జేబులో పెట్టుకున్నాను. ఆగలేకపోయాను.

రమ్మని అడగను. క్షమించమని కూడా అడగను, అడిగితే అది కూడా నీ మీదే ఇంకో పని పెట్టినట్టు అవుతుంది. పిచ్చుక అని పిలిచేవారని నాకు తెలియదు. నిద్రలో నవ్వేదని తెలియదు.

ఇక్కడ ఆఫీసు లిఫ్టుకి కొత్తగా తలుపులు బిగిస్తున్నాం. దాని వెనకగోడ నిండా అద్దం. జోడీ పైన మోటారు దగ్గర ఉన్నాడు. నేను తలుపులు మూసుకుని, ఆరుకీ ఏడుకీ మధ్య లిఫ్టు ఆపేశాను. ముప్పై ఆరేళ్లొచ్చాయి, నా చెవి నేను ఎప్పుడూ చూసుకోలేదు. జుట్టు వెనక్కి తోసుకుని అద్దానికి దగ్గరగా నిలబడ్డాను. ఉంది. నువ్వు చెప్పినట్టే ఉంది. వేలుతో ఆ మడత మీద రాసి చూశాను. ఒక చిన్న చెవి మీద, గోరంత చెవి మీద, అదే మడత ఎలా ఉండి ఉంటుందో మెల్లగా ఊహించాను. తర్వాత నీ కాగితం అద్దానికి ఆనించి పెట్టి, నుదురు దగ్గర్నుంచి మొదలుపెట్టి ఒక్కో వాక్యం చదువుతూ, కళ్లు మూసుకుంటూ, మళ్లీ చదువుతూ పోయాను.

పైనుంచి జోడీ, "గురూ, ఏమైంది? ఇరుక్కున్నావా? లాగమంటావా?" అని అరుస్తున్నాడు. కింద ఎవరో తలుపు బాదుతున్నారు.

"ఉండు" అన్నాను. "చూస్తున్నాను, ఉండు."